వీడియో గేములతో చదువు: కరస్పాండెంటు గారికి పదమూడు చిట్కాలు

పక్క వీధి స్కూలు వాళ్ళు రోబోటిక్స్ ల్యాబ్ పెట్టారు. ఎదురు స్కూలు వాళ్ళు అబాకస్, వేదిక్ మ్యాథ్స్, కరాటే మూడూ కలిపి ఒకే ఫీజులో ఇస్తున్నారు. మీరింకా స్మార్ట్ బోర్డు దగ్గరే ఆగిపోయారు. అదీ పెన్ను పోయి రెండేళ్ళయింది. కంగారు పడకండి. వీడియో గేములతో పాఠాలు చెప్పే ల్యాబ్ ఒకటి పెట్టేయండి. ఈ చిట్కాలు వరుసగా పాటిస్తే ఏడాది తిరిగేసరికి మూడు ఫలితాలు ఖాయం: ఫీజు పెరుగుతుంది, టీచర్లకు పని తగ్గుతుంది, పిల్లలకు ఆటంటేనే విరక్తి పుడుతుంది. ఆ మూడోది చూసి తల్లిదండ్రులు మీ ఫొటోకి దండేసినా ఆశ్చర్యం లేదు. ఎవరు చెప్పినా వదలని ఫోను పిచ్చిని వారానికి రెండు పీరియడ్లతో వదిలించారు మరి.

1. ముందు గది. తరువాత ఆట. వీలుంటే పాఠం.

గదికి నీలం రంగు వేయించండి. సీలింగుకి చుట్టూ ఎల్‌ఈడీ లైటు పట్టీ వేయించండి. తలుపు మీద రాకెట్టు బొమ్మ తప్పనిసరి. కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్‌వి సరిపోతాయి, కుర్చీలు మాత్రం తిరిగేవి కొనండి. ఫొటోలో కనిపించేది కుర్చీలే. ఆటలు అమ్మేవాడు తన లాప్‌టాప్ తెచ్చుకుని డెమో ఇస్తాడు. అందులో అన్నీ పరుగులు తీస్తాయి. మీ కంప్యూటర్లలో నడుస్తాయా అని అడగకండి, అతను నొచ్చుకుంటాడు.

ఈ దశలో టీచర్లను పిలవకండి. పిలిస్తే ఎవరో ఒక సోషల్ సారు లేచి "ఏ పాఠం కోసమండీ ఇది?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు గనక, ఆయనకు మర్నాటి నుంచి బస్సు డ్యూటీ వేయండి.

2. కరపత్రంలో సగం నిజమే రాయండి. మిగతా సగం తల్లిదండ్రులే పూరించుకుంటారు.

అబద్ధం రాయాల్సిన పనే లేదు, ఈ రంగంలో నిజాలే బోలెడున్నాయి. ఉదాహరణకు 2007లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. న్యూయార్క్‌లో డాక్టర్ జేమ్స్ రోసర్ బృందం 33 మంది సర్జన్లను పరీక్షించింది. ఒకప్పుడు వారానికి మూడు గంటలకు పైగా వీడియో గేములు ఆడినవాళ్ళు, ఎప్పుడూ ఆడనివాళ్ళ కంటే లాప్రోస్కోపీ కసరత్తుల్లో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, పని 27 శాతం త్వరగా ముగించారు. దీన్ని కరపత్రం మీద ఇలా వేయించండి: "గేములు ఆడండి, సర్జన్ అవ్వండి". పక్కన తెల్లకోటు, స్టెతస్కోపు వేసుకున్న ఐదో తరగతి పిల్లాడి బొమ్మ. వాళ్ళంతా వైద్యం చదివి, కత్తి పట్టిన తరువాతే ఆ పరీక్షకు కూర్చున్నారన్న ముక్క వేయకండి, చోటు చాలదు. ఆటల వల్ల చెయ్యి తిరిగిందా, చెయ్యి తిరిగినవాళ్ళే ఆటలకు పోయారా అన్న సందేహం అసలు వేయకండి.

జాతీయ విద్యావిధానం 2020లో నేర్చుకునే ఆటలు, సిమ్యులేషన్లు తయారు చేయాలన్న మాట ఉంది. పెద్దక్షరాల్లో "జాతీయ విద్యావిధానం ప్రకారం" అని మాత్రం వేయండి. ఆ పత్రం టీచరు గురించి ఏమందో ఎవరూ అడగరు.

3. ఆటకు, పాఠానికి చుట్టరికం కలపకండి.

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా, కాస్త నిదానంగా చదవండి.

మంచి ఆటను గుర్తుపట్టడం తేలిక. తెర మీద రాకెట్టు ఉంటుంది. ఏడెనిమిదులు ఎంత అని అడుగుతుంది. యాభై ఆరు అంటే రాకెట్టు కొంచెం పైకి లేస్తుంది. తప్పు చెప్తే ఢామ్మని పేలుతుంది. అదే లెక్క, అదే గైడు, అదే బిట్ బ్యాంకు. పైన రాకెట్టు తగిలించారంతే. రాకెట్టు తీసేసి మొసలిని పెట్టినా లెక్కకు ఏమీ కాదు, లెక్క తీసేసి రాజధానుల పేర్లు పెట్టినా రాకెట్టుకు ఏమీ కాదు. అలాంటిదే కొనండి. పేలుడు మాత్రం ఎగరడం కంటే బాగుండేట్టు చూసుకోండి. రంగులు, పొగ, చప్పుడు అన్నీ పేలుడుకే రావాలి. అప్పుడు పిల్లలు వచ్చిన జవాబు దాచుకుని, కావాలని తప్పు జవాబు కొట్టి, పేలుడు చూసి చప్పట్లు కొడతారు. ల్యాబ్ కళకళలాడుతుంది. వరండాలోంచి చూసిన పేరెంటు మురిసిపోతాడు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఆట ఒకటుంది, దాని జోలికి పోకండి. 1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే కుర్రాడు, మన బీఎడ్ వాళ్ళు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళినట్టే ఒక బడికి వెళ్ళి, ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్తున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో జనం ఎద్దుబళ్ళు కట్టుకుని పశ్చిమానికి వలస పోయిన పాఠం. దానికి ఒక ఆట ఊహించుకున్నాడు. అతనితో పాటు గదిలో ఉండే బిల్ హైన్‌మన్, పాల్ డిల్లెన్‌బర్గర్‌లకు ప్రోగ్రామింగు వచ్చు. ముగ్గురూ రెండు వారాల్లో "ఒరెగాన్ ట్రెయిల్" తయారు చేశారు. తెర లేదు, బొమ్మ లేదు. టెలిటైపు యంత్రం కాగితం మీద టకటక అచ్చు కొడుతుంది. ఎద్దులకెంత, తిండికెంత, మందులకెంత, గుండ్లకెంత అని అడుగుతుంది. వేటాడాలంటే "బ్యాంగ్" అని తప్పు లేకుండా, గబగబా టైపు కొట్టాలి. బట్టలకు డబ్బు మిగల్చనివాడు కొండల్లో చలికి చస్తాడు. అంటే పాఠం తెలియకపోతే ఆట నడవదు, ఆట నడవాలంటే పాఠంలో తల దూర్చక తప్పదు. ఎంత అసౌకర్యమో చూడండి.

అక్కడితో ఆగితే బాగుండేది. 1974లో మిన్నెసోటా ప్రభుత్వ విద్యా కంప్యూటింగ్ సంస్థలో చేరాక రావిచ్ ఆనాటి వలసదారుల డైరీలు తెచ్చుకుని చదివి, దారిలో బండి ఎంత తరచుగా విరిగేది, జబ్బులు ఎన్నిసార్లు వచ్చేవి లెక్కగట్టి, ఆటలో అవి వచ్చే అవకాశాన్ని దానికి తగ్గట్టు సరిచేశాడు. ఒక ఆట కోసం డైరీలు చదివిన టీచరు! మీ స్టాఫ్‌రూమ్‌లో ఇలాంటి లక్షణాలు ఎవరిలోనైనా కనిపిస్తే వెంటనే ఇన్విజిలేషన్ డ్యూటీలు పెంచండి.

1985లో వచ్చిన బొమ్మల ఆటలో ఇంకో తిరకాసు పెట్టారు. బ్యాంకరుగా బయల్దేరితే చేతిలో 1600 డాలర్లు, వడ్రంగికి 800, రైతుకు 400. రైతుగా గమ్యం చేరితే స్కోరు మూడింతలు. చేతిలో డబ్బున్నవాడి ప్రయాణం వేరు, లేనివాడి ప్రయాణం వేరని పదేళ్ళ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. వేటాడిన మాంసం ఎంతున్నా బండికి మోసుకెళ్ళేది వంద పౌండ్లే, మిగతాది అడవిలో వదిలేయాలి. పిల్లలు ఇలాంటివి ఇంటికెళ్ళి తల్లిదండ్రులతో వాదిస్తారు. మనకెందుకండీ ఆ గొడవ. రాకెట్టు కొనుక్కోండి.

4. మాట్లాడనివ్వకండి.

ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్లు. చాలకపోతే మధ్యలో అట్టముక్కలు అడ్డం పెట్టించండి. రావిచ్ తరగతిలో ఉన్నది ఒకే యంత్రం. పిల్లలు గుంపులుగా దాని చుట్టూ మూగి, ఒకడు టైపు కొట్టడం, ఒకడు మ్యాపు చూడటం, ఒకడు ఖర్చు లెక్క రాయడం, అందరూ కలిసి "నది దాటుదామా, ఆగుదామా" అని కొట్లాడుకోవడం. ఎంత గోల! ఆ గోలలోనే సగం చదువు జరిగిపోయింది. మీ ల్యాబ్‌లో సూది పడితే వినపడాలి.

5. హింట్ బటన్ పెద్దదిగా పెట్టించండి. (పిల్లలూ, ఈ చిట్కా మీక్కూడా.)

ప్రతి లెక్కకూ ఆటలో హింట్ ఉంటుంది. మొదటిసారి నొక్కితే చిన్న ఆధారం, రెండోసారి సూత్రం, మూడోసారి సగం లెక్క, ఆఖరిసారి జవాబు. మధ్యలోవి చదవకండి, కళ్ళు నొప్పి. టకటకటక నొక్కేయండి. జవాబు రాగానే దాన్ని చూసి కొట్టండి. హింట్ లేని ఆటలో ఏ, బీ, సీ, డీ వరుసగా నొక్కుకుంటూ పోండి, నాలుగో నొక్కుకు ఎవరైనా మేధావే.

ఇది మీ స్కూలు పిల్లలు కనిపెట్టిన కళ కాదు, గర్వపడకండి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ర్యాన్ బేకర్, ఇంకొందరు కలిసి పిల్లలు కంప్యూటరు ట్యూటర్ల ముందు కూర్చున్నప్పుడు అసలేం చేస్తున్నారో పక్కన నిలబడి గమనించారు. 2004లో ఆ సంగతి ప్రచురించారు. ఇలా యంత్రాన్ని బురిడీ కొట్టించే పిల్లలు, కొట్టించనివాళ్ళు నేర్చుకున్నదాంట్లో మూడింట రెండు వంతులే నేర్చుకున్నారు. ఇంకో విశేషం, పక్కవాడితో కబుర్లు చెప్పుకున్నవాళ్ళకు కూడా అంత నష్టం జరగలేదట. అందుకే కబుర్లు నిషేధించి, హింట్ బటన్ వదిలేయమంటున్నాను. కబుర్లు వరండాలోకి వినపడతాయి. హింట్ నొక్కుడు ఎవరికీ వినపడదు, పైగా రిపోర్టులో "100 శాతం పూర్తి" అని ఆకుపచ్చ రంగులో వస్తుంది. ఆ రిపోర్టు కలర్ ప్రింటు తీయించి నోటీసు బోర్డుకు అంటించండి.

6. ఏ పని చేసినా చుక్క ఇవ్వండి.

లాగిన్ అయితే ఒక చుక్క. కుర్చీలో కూర్చుంటే ఒక చుక్క. పది చుక్కలకు ఒక బ్యాడ్జి, పది బ్యాడ్జిలకు ఒక కప్పు, నెలాఖరుకు గేటు మీద ర్యాంకుల ఫ్లెక్సీ. ముఖ్యంగా ఏ పిల్లాడు పాఠాన్ని ఇష్టపడి చేస్తున్నాడో వాణ్ణి కనిపెట్టండి. వాడికి రెట్టింపు చుక్కలు ఇవ్వండి. ఇష్టం దెబ్బకు వదులుతుంది.

ఇందులో అనుమానం అక్కర్లేదు. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ఇది పరీక్షించి చూపించారు. రంగు పెన్నులతో బొమ్మలేయడమంటే పడిచచ్చే పిల్లలను ఏరుకున్నారు. కొందరికి "బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలివ్వలేదు. కొద్దిరోజులాగి పెన్నులు మళ్ళీ బల్ల మీద పెడితే, సర్టిఫికెట్ ఆశ చూపించిన పిల్లలు వాటిని ముట్టుకున్న సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగమే. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ పిల్లలు, ఒకే ఒక్క సర్టిఫికెట్. మీ దగ్గర పదేళ్ళ పాటు ఇవ్వడానికి అవకాశముంది.

7. ఓడిపోతే మార్కులు కోయండి. గెలిచినా, ఓడినా కారణం అడక్కండి.

సిమ్యులేటర్ అంటే చవగ్గా చచ్చిపోవడం నేర్పే యంత్రం. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో ఒక విమాన శిక్షణ యంత్రాన్ని తయారు చేశాడు. వాళ్ళ నాన్నకు పియానోలు, ఆర్గాన్లు చేసే కార్ఖానా ఉండేది. ఆర్గాన్‌కు గాలి ఊదే తిత్తులనే తెచ్చి, రెక్కల తొట్టె ఒకటి కట్టి, అది ఒరిగేట్టు, లేచేట్టు, తిరిగేట్టు అమర్చాడు. విమాన శిక్షణ బళ్ళు పట్టించుకోలేదు. వినోదాల పార్కుల్లో జనం ఎక్కే బండిగా అమ్ముకున్నాడు. 1934లో అమెరికా సైన్యానికి ఆకాశంలో ఉత్తరాలు మోసే పని అప్పగించారు. మంచులో, చీకట్లో ఏమీ కనపడక, మీటర్లు చూసి నడపడం రాక, కొద్ది వారాల్లోనే పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యానికి ఆ బండి గుర్తొచ్చి ఆరు కొనుక్కుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యేసరికి ఐదు లక్షల మందికి పైగా అందులో కూర్చుని మంచులో దారి తప్పి, గుద్దుకుని, బట్ట నలగకుండా కిందికి దిగారు.

ఇవాళ్టికీ పైలట్ల శిక్షణలో పద్ధతి అదే. ఇంజను ఆగిపోతుంది, మంటలొస్తాయి, రన్‌వే తడిగా ఉంటుంది. తప్పు చేస్తారు. దిగాక శిక్షకుడు ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కడ ఏమనుకున్నావు, ఎందుకలా చేశావు అని ఒక్కొక్కటే అడుగుతాడు. యంత్రంలో కూర్చున్నంతసేపూ తప్పు చేయడానికి, దిగాక కూర్చున్నంతసేపూ ఆ తప్పును అర్థం చేసుకోవడానికి.

మీరు ఈ రెండింటినీ తీసేయండి. ఆటలో ఒకసారి ఓడితే ఇంటర్నల్స్‌లో ఒక మార్కు కోత. మూడుసార్లు ఓడితే నాన్నకు వాట్సాప్ మెసేజి. అప్పుడు పిల్లలు తెలివిగా మొదటి లెవెల్లోనే ఏడాదంతా తిరుగుతారు; అక్కడ ఓడిపోయే ప్రమాదం లేదు. పీరియడు అయ్యాక మాట్లాడుకునే సమయం మిగలకుండా బెల్లు ఐదు నిమిషాలు ముందే కొట్టించండి. ఎవడైనా పిల్లాడు "మేడం, నేను అక్కడ ఎందుకు పడిపోయానంటే" అని మొదలుపెడితే, లైన్లో నిలబడమనండి.

8. టీచరును వెనక బెంచీకి పంపండి.

ఆట పాఠం చెప్తోంది గనక టీచరుకు పని లేదు. కాంపోజిషన్లు దిద్దుకోవచ్చు, లెసన్ ప్లాన్ రికార్డు పాతేడాదిది చూసి రాసుకోవచ్చు, చీటీ పాట లెక్క చూసుకోవచ్చు. ఆ ఆటను ఒక్కసారైనా ఆడి చూడమని ఆమెను ఇబ్బంది పెట్టకండి. ఆడితే ఇందులో భిన్నాలు తప్పుగా ఉన్నాయంటుంది.

టీచరమ్మలకు ఒక మాట. పిల్లలు ఏదైనా అడిగితే "ఆటలోనే ఉంటుంది చూడు" అనండి. అన్ని సబ్జెక్టులకూ ఇదే జవాబు.

9. వైకుంఠపాళిని కంప్యూటరెక్కించండి, పేర్లు తీసేయండి.

భారతీయ సంప్రదాయ ఆటలు కూడా ఉన్నాయని చెప్పుకోవాలి కాబట్టి ఇది తప్పదు. పాత వైకుంఠపాళి పటంలో పాములకు, నిచ్చెనలకు పేర్లుండేవి. ఏ దుర్గుణానికి ఏ పాము మింగుతుందో, ఏ సుగుణానికి ఏ నిచ్చెన ఎక్కిస్తుందో రాసి ఉండేది. పాము నోట్లో పడ్డప్పుడల్లా ఎవరో ఒక నాయనమ్మ ఆ పేరు వెనక కథ చెప్పేది. పిల్ల కిందికి జారుతూ హిరణ్యకశిపుడి సంగతి తెలుసుకునేది. కథకు టైము పడుతుంది, నాయనమ్మకు జీతమివ్వాలి. పేర్లు చెరిపేసి అంకెలు వేయండి, గవ్వలు కంప్యూటరే వేస్తుంది. దీనికి "విలువల విద్య" అని పేరు పెట్టి విడిగా వంద రూపాయలు వసూలు చేయండి.

10. సొంతంగా ఆట తయారు చేసే పిల్లలను మొగ్గలోనే తుంచండి.

ప్రతి బ్యాచిలో ఒకడుంటాడు. స్క్రాచ్ అని ఒకటి ఎక్కడో చూసొస్తాడు. అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు 2007లో పిల్లల కోసం విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామింగు సాధనం అది. రంగు రంగుల ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే ఆట తయారవుతుంది. ఉచితం అన్నప్పుడే మీకు అనుమానం రావాలి. ఆ పిల్లాడు గురుత్వాకర్షణ పాఠం మీద ఆట చేయాలంటే ముందు బంతి ఎంత వేగంగా పడుతుందో లెక్క కట్టుకోవాలి, అది తప్పితే మళ్ళీ పుస్తకం తెరవాలి. ఒక వారంలో ఫిజిక్స్ సారుకే ప్రశ్నలు వేస్తాడు. పెన్‌డ్రైవ్ లాక్కోండి. వైరస్ అని చెప్పండి.

ఆటగాళ్ళను నమ్మితే ఎంత దూరం పోతుందో చెప్పమంటారా? వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో ఫోల్డిట్ అనే ఆటను జనంలోకి వదిలారు. ప్రొటీన్ ఎలా మడత పడుతుందో తెర మీద చేత్తో మడిచి చూసే ఆట. కోతులకు ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఒక వైరస్ తాలూకు ఎంజైము ఆకారం పదేళ్ళకు పైగా శాస్త్రవేత్తలకు అంతుబట్టలేదు. ఆటగాళ్ళు మూడు వారాల్లో దారి చూపించారు, 2011లో ఆ ఫలితం ఒక సైన్సు పత్రికలో వచ్చింది. ఆడినవాళ్ళలో చాలామందికి జీవశాస్త్రంతో పరిచయమే లేదు. మీ స్కూల్లో ఇలాంటిది జరిగితే ఇక ర్యాంకులు ఎవరిక్కావాలి?

11. డ్రైవింగు స్కూలు కూడా ఉన్నవాళ్ళకు.

మీ బావమరిదికి డ్రైవింగు స్కూలుంటే ఈ తెలివి అక్కడా పనికొస్తుంది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటరు, ప్రత్యేకంగా టెస్టు ట్రాక్ ఉండాలని కేంద్రం పెట్టిన నిబంధనలు 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. అక్కడ పాసైనవాళ్ళకు ఆర్టీఓ దగ్గర మళ్ళీ టెస్టు ఉండదు.

ఈ ఆఖరి వాక్యం ఒక్కటే కస్టమరుకు చెప్పండి. సిమ్యులేటరును షోరూములో అద్దం వెనకాల, లైటు పడేట్టు పెట్టండి, ప్లాస్టిక్ కవరు తీయకండి. నేర్చుకునేవాడు అడిగితే "సర్వర్ డౌన్" అనండి. ఒకవేళ కూర్చోబెట్టాల్సి వస్తే, తెర మీద ఎడమ పక్కనుంచి హఠాత్తుగా గేదె వచ్చే సీను తీసేసి, ఖాళీ రోడ్డు ఒకటే పెట్టండి. రాత్రి పూట వాన, ఎదురుగా హైబీములో లారీ, రాంగ్ రూట్లో బైకు, అలాంటివన్నీ చూపిస్తే జనం భయపడి మానేస్తారు. అవి ఎలాగూ రోడ్డు మీద ఉచితంగా దొరుకుతాయి.

12. కొలవండి, పోల్చకండి.

ఎన్ని గంటలు ఆడారు, ఎన్ని క్లిక్కులు పడ్డాయి, ఎన్ని చుక్కలొచ్చాయి: ఇవన్నీ కొలవండి. ఆట ఆడిన సెక్షన్‌ను, మామూలుగా పాఠం విన్న సెక్షన్‌తో మాత్రం పోల్చకండి. క్యాన్సరు వచ్చిన కుర్రాళ్ళ కోసం రీ-మిషన్ అనే ఆట చేసినవాళ్ళు ఈ పొరపాటే చేశారు. తమ ఆట బాగుందని చెప్పుకుని ఊరుకోక, మూడు దేశాల్లో 34 ఆసుపత్రుల్లో 375 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి తమ ఆటతో పాటు మామూలు ఇండియానా జోన్స్ ఆట, రెండో భాగానికి ఉత్త ఇండియానా జోన్స్ ఇచ్చారు. మందులు ఎవరు సరిగ్గా వేసుకుంటున్నారో చూశారు. తమ ఆట ఆడినవాళ్ళే మెరుగ్గా వేసుకున్నారని 2008లో ప్రచురించారు. సరే, వాళ్ళకు కలిసొచ్చింది. మీకు కలిసిరాకపోతే? తిరిగే కుర్చీలు ఎవడు కొంటాడు?

అందుకే పిల్లలకు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇవ్వండి. అందులో మూడు ముఖాలుండాలి: నవ్వు ముఖం, పెద్ద నవ్వు ముఖం, పళ్ళన్నీ కనిపించే నవ్వు ముఖం.

13. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

కరెంటు లేదు. నెట్టు లేదు. అప్‌డేట్ అవుతోంది. తాళం కంప్యూటర్ సారు దగ్గరుంది, ఆయన ఎలక్షన్ ట్రైనింగుకు వెళ్ళారు. హెడ్‌ఫోన్లు ఎలుకలు కొట్టేశాయి. లైసెన్సు అయిపోయింది, రెన్యువల్‌కు పెట్టాం. ఎనిమిదో తరగతి వాళ్ళకు యూనిట్ టెస్టులున్నాయి. తొమ్మిది వాళ్ళకు అప్పుడే పదో తరగతి సిలబస్ మొదలుపెట్టాం. పదో తరగతికి ఆటలేమిటండీ!

ఇవి వారం వారం మార్చి వాడండి. ఒకే సాకు వరసగా రెండుసార్లు చెప్పడం వృత్తిధర్మం కాదు. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు మాత్రం ల్యాబ్ తెరిచి, బాగా టైపు చేసే పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టి, అందరి తెర మీదా రాకెట్టు లేచి ఉండేట్టు చూసుకోండి.

ఏడాది చివర పేరెంట్స్ మీటింగులో పిల్లాడికి లెక్కల్లో ముప్పై రెండొచ్చాయని తల్లి నిలదీస్తుంది. భయపడకండి. "అమ్మా, గేమ్ ల్యాబ్‌లో మీ బాబుకి ఎనిమిది వందల చుక్కలున్నాయి. తెలివికి లోటు లేదు. ఇంట్లో మీరే కాస్త కూర్చోబెట్టాలి" అనండి. ఆమె తలూపుతుంది. పక్కనున్న తండ్రి ఫోను చూసుకుంటుంటాడు, ఆయన కూడా తలూపుతాడు. అదే ఊపులో, వచ్చే ఏడాది నుంచి వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళు కూడా వస్తున్నాయని చెప్పేయండి.

ల్యాబ్ ఫీజు మాత్రం జూన్‌లో, పుస్తకాలతో కలిపి ఒకేసారి కట్టించుకోండి. దసరా దాటితే ఒక్కరూ కట్టరు.